తూకానికి వేసిన కాగితం

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ముందు రిటైర్ కావాలని అనుకునేదాన్ని. మన తెలుగు సంఘంవాళ్ళు వార్షిక సంచికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు ఆ మాటే అన్నాను. "బదిలీ కూడా సిన్న రిటైర్‌మెంటేనమ్మా, రాసియ్యి" అన్నారు. వచ్చే నెల రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో నా బల్ల ఖాళీ అవుతుంది. నా తరవాత రాబోయే అమ్మాయిని నేనింకా చూడలేదు. ఆమె కూడా నాలాగే నలుగురిలో నోరు పెగలని మనిషైతే ఇది ఆమె కోసం. మాటకారి అయితే చదివి నవ్వుకోవచ్చు, అదీ మంచిదే.

ఆ బల్ల మీద ఎడమ పక్కన ఒక ఇత్తడి తక్కెడ ఉంటుంది. పోస్టులో పంపే పుస్తకాలు తూచడానికని ఎప్పుడో ఇచ్చారట. ముల్లు కొంచెం వంగింది. పాతబడింది కనక స్టోర్సుకి తిప్పి పంపమని ఏటా ఒక కాగితం వస్తుంది. పంపకమ్మా. ఎందుకో చెబుతాను.

నేను చేరింది తూర్పు బెంగాల్ మండిపోతున్న ఏడాది. మా నాన్న ఈ బెంగాల్ ఊళ్ళో రైల్వే వర్క్‌షాపులో ఫౌండ్రీ మనిషి. కళ్ళల్లో నిప్పురవ్వలు పడి చూపు పోవడంతో, ఇంటికి పెద్దదాన్నయిన నాకు లైబ్రరీలో పని ఇచ్చారు. మొదటి ఆరు నెలలూ పరీక్షే. పై అధికారి పనికొస్తుందని రాస్తే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే ఇంటికే.

పై అధికారి అంటే మా లైబ్రేరియన్. దేశం రెండైనప్పుడు అటునుంచి ఇటు వచ్చిన బెంగాలీ. అందరూ బొడోబాబు అనేవారు, పెద్దబాబు అని. ఇరవై ఏళ్ళుగా మనవాళ్ళకి పుస్తకాలిచ్చి, తిరిగి తీసుకుని, తెలుగు నేర్చుకున్నారు. నేర్చుకున్నది మన తెలుగువాళ్ళ క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ తెలుగు. మల్లెపువ్వులాంటి పంచె కట్టుకున్న ఆ పెద్దమనిషి నోట "ఏటమ్మా, ఎండలో నడిసొచ్చినావా" అని వినపడితే కొత్తవాళ్ళు తలతిప్పి చూసేవారు. నన్ను మాత్రం "మా" అని పిలిచేవారు. బెంగాలీ పెద్దవాళ్ళు కూతురి వయసు పిల్లల్ని అలాగే పిలుస్తారు, మనం అమ్మా అన్నట్టు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. పుస్తకాలంటే ప్రాణం, మనుషులంటే బెదురు. కౌంటరు దగ్గర ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చీటీ మీద రాసి ఇచ్చేదాన్ని. ఒక ఇంజను డ్రైవరు నా ఎదుటే, "మూగపిల్లని ఎట్టినారేటి బొడోబాబూ" అని అడిగాడు.

"మూగ కాదు. పొదుపు" అన్నారు ఆయన.

పగలంతా పొదుపు చేసిన మాటలన్నీ డైరీలో ఖర్చుపెట్టేదాన్ని. డైరీ అంటే అట్ట వేసిన పుస్తకం కాదు. రైలు వేళలు రాసే పాత ఫారాలు రద్దయి లైబ్రరీకి కట్టలు కట్టలుగా వచ్చేవి. ఒక వైపు అచ్చు గళ్ళు, రెండో వైపు తెలుపు. ఆఫీసు చిత్తు రాతలన్నీ వాటి వెనకే. నేనూ ఆ తెల్లవైపే రాసి మూలకి దారం కట్టేదాన్ని. భోజనం వేళ రెండు ముక్కలు రాసుకోవడానికి కొన్ని కాగితాలు నా సొరుగులో ఉండేవి, కొన్ని రాసినవి, కొన్ని రాయనివి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది ఇదే.

ఏటా దుర్గా పూజల ముందు ఇన్‌స్టిట్యూట్ హాల్లో డిబేటు జరుగుతుంది. వర్క్‌షాపు తరఫున ఒకరు, బళ్ళు నడిపేవాళ్ళ తరఫున ఒకరు. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడవచ్చు. తెలుగులో మాట్లాడితే ఆ సారాంశం బెంగాలీలో, బెంగాలీలో మాట్లాడితే తెలుగులో, ఎవరో ఒకరు లేచి రెండు నిమిషాల్లో చెప్పాలి. పాత పేపరు కత్తిరింపులు, పుస్తకాల్లోంచి ఎత్తిరాసిన పేజీలు పెట్టి రెండు పక్షాలకీ చెరొక ఫైలు తయారుచేసి ఇవ్వడం లైబ్రరీ పని. అప్పుడు తక్కెడ బయటికి వచ్చేది. బొడోబాబు రెండు ఫైళ్ళనీ రెండు పళ్ళేల్లో పెట్టి తూచేవారు. ముల్లు మధ్యలో నిలబడితేనే ఫైళ్ళు గది దాటాలి. ఒకటి తేలితే ఇంకో కత్తిరింపు వెతకాలి. ఏదీ దొరక్కపోతే, మాట్లాడేవాళ్ళు రాసుకోవడానికి పనికొస్తాయని తెల్ల కాగితాలు వేసి సరిచేయాలి.

"నవ్వకమ్మా" అన్నారు మొదటిసారి. "నా కంటికి ఇష్టాలున్నాయి. ఇత్తడికి లేవు."

ఆ ఏడాది విషయం బోర్డు మీద ఇలా రాశారు: తిరుగుబాటుదారులను తరుముతూ ఒక దేశం పొరుగు దేశపు సరిహద్దు దాటవచ్చునా?

ఊళ్ళో దాని గురించి మాట్లాడని అరుగు లేదు. అవతలి సైన్యం తన మీద తిరగబడ్డ కుర్రాళ్ళని తరుముతూ మన గ్రామాల్లోకి వస్తోందని రోజూ కబుర్లు వచ్చేవి. స్టేషన్లో శరణార్థులతో నిండిన బళ్ళు ఆగేవి. కనక దాటకూడదని అందరూ ఒకటే మాట. కానీ ఈశాన్యపు కొండల్లో మన మీద తిరగబడినవాళ్ళు కూడా మన జవాన్లని కాల్చి పొరుగు దేశాల్లోనే తలదాచుకునేవారు. ఆ మాట ఎత్తితే, తరిమి కొట్టాల్సిందేనని అవే నోళ్ళు అనేవి. ఒకే అరుగు మీద, ఒకే టీ గ్లాసు చల్లారేలోగా రెండు తీర్పులూ విన్నాను.

దాటకూడదని మాట్లాడే వంతు మా పక్క క్వార్టరు చిన్నాన్నకి వచ్చింది. బాయిలర్ షాపులో పని. సుత్తుల మోతలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన గొంతు, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినపడేది. నాన్నకి చూపు పోయినప్పుడు ఆస్పత్రికి తిప్పింది ఆయనే. దాటవచ్చని మాట్లాడేది ఒక బెంగాలీ గార్డుబాబు. గూడ్సు బండి వెనక పెట్టెలో ఒంటరిగా కూర్చుని కూర్చుని అతనికి మెల్లగా మాట్లాడడం అలవాటు.

ఫైళ్ళు తయారుచేస్తూ నేను చాలా చదివాను. నేరం చేసి పారిపోతున్న ఓడని సముద్రం మీద తరమవచ్చని, కానీ అది మరో దేశపు జలాల్లో అడుగుపెట్టిన క్షణం ఆగిపోవాలని ఒక న్యాయశాస్త్రం పుస్తకంలో దొరికింది. నేల మీద అలా తరిమే హక్కు ఎవరూ ఒప్పుకున్నది కాదట. అది చిన్నాన్న ఫైల్లోకి వెళ్ళింది. దాడి చేసేవాళ్ళని పొరుగువాడు ఆపలేకపోతే, లేక ఆపడానికి ఇష్టపడకపోతే, దెబ్బ తిన్నవాడు చేతులు కట్టుకుని నిలబడాలా అని అడిగే వ్యాసం ఒకటి దొరికింది. అది గార్డుబాబు ఫైల్లోకి. రెండూ చదివితే రెండూ నిజమనిపించేవి. డైరీలో అదే రాసుకున్నాను.

ఇంతలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, ఏటా సారాంశం చెప్పే బడి పంతులమ్మ ప్రసవానికి పుట్టింటికి వెళ్ళింది. బొడోబాబు ఆ పని నాకు అప్పజెప్పారు. "నా వల్ల కాదు" అని చీటీ రాసిచ్చాను. ఆయన దాని కిందే రాశారు: "నీకు రెండు భాషలూ వచ్చు. రాసుకుని చదువు. మా, నీ రిపోర్టులో నాను ఏటి రాయాలి, సీటీలు బాగా రాస్తాదనా?"

రెండోది, ఉత్తరం.

నీలం రంగు ఇన్‌లాండు ఉత్తరం ఒకటి బొడోబాబు పేరున వచ్చింది. మూడు రోజులు ఆయన సిరాదిండు కిందే ఉంది, విప్పలేదు. మరిచిపోయారేమోనని నాలుగో రోజు దాన్ని తీసి ఆయన ముందు పెట్టాను. బయట వాన కుండపోతగా ఉంది. లైబ్రరీలో ఎవరూ లేరు. ఆయన ఆ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టారు.

ఆయనకి ఒక చెల్లెలు. సరిహద్దుకి మన వైపున ఆ ఊళ్ళో చివరి ఇల్లు ఆమెది. అక్కడ సరిహద్దంటే కంచె కాదు, గోడ కాదు. ఒక జనపచేను, చేను మధ్య ఒక రాయి. వానాకాలం మనిషిని మించి పెరిగే జనపమొక్కల్లోంచి అవతలి కుర్రాళ్ళు పారిపోయి వస్తున్నారని విని ఈయన చెల్లెలికి ఒక కార్డు రాశారు. "ఎవరు వచ్చినా వెళ్ళగొట్టకు. మనమూ ఒకప్పుడు అలా వచ్చినవాళ్ళమే" అని. కొన్ని రోజులకి నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. ఆమె గొడ్లపాకలో చోటిచ్చి అన్నం వండింది. మర్నాడు పొద్దున్నే వాళ్ళని తరుముతూ సైనికులు రాయి దాటి వచ్చారు. కుర్రాళ్ళు దొరకలేదు. పాక తగలబడింది. వాకిట్లో నిలబడ్డ ఆమె భర్త తూటా తగిలి అక్కడే పోయాడు. ఈ కబురు ఆ ఊరి మనిషి ఒకడు తెచ్చాడు. తరవాత వచ్చినది ఈ ఉత్తరం. చెల్లెలికి చదువు రాదు. ఎవరితోనో రాయించింది.

"నా కార్డు వల్లే గదా మా" అన్నారు. "ఇందులో ఆ మాటే ఉంటాది. ఎలా ఇప్పేది." తరవాత ఉత్తరాన్ని మళ్ళీ సిరాదిండు కింద పెట్టి, "ఎవరికీ సెప్పకు. సెప్తే రేపు దాన్ని నినాదం సేసేస్తారు" అన్నారు.

చెప్పనని తలూపాను. ఎవరికీ చెప్పలేదు కూడా. కాగితానికి చెప్పాను. కాగితాన్ని మనిషి కింద లెక్కవేయకపోవడం నా తప్పు.

డిబేటు రోజు మధ్యాహ్నం ఫైళ్ళు తూచాము. చిన్నాన్న ఫైలు తేలింది. బొడోబాబు హాలు సర్దించడానికి వెళుతూ, "నువ్వే సరిసెయ్యి మా" అన్నారు. అంత పని ఆయన నా మీద వదలడం అదే మొదలు. వెతకడానికి వేళ లేదు. సాయంత్రం అంతమంది ముందు నిలబడాలన్న దిగులు ఒకటి. సొరుగులోంచి ఫారాలు కొన్ని తీసి అచ్చువైపు పైకి పెట్టి పళ్ళెంలో వేశాను. ముల్లు మధ్యలో నిలబడింది. అది చూసి ఎంత సంతోషించానో చెబితే నవ్వుతారు.

హాలు నిండిపోయింది. మొదటి వరసలో అధికారులు, వెనక రెండు భాషలవాళ్ళూ కలిసి. అమ్మ కూడా నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వేదిక మీద ఒక చివర కుర్చీలో నేను, రెండో చివర గంట ముందు పెట్టుకుని బొడోబాబు. ఎవరెంతసేపు మాట్లాడారో చూసి గంట కొట్టేది ఆయనే. ఒక్కొక్కరికి పది నిమిషాలు.

గార్డుబాబు ముందు మాట్లాడాడు. యార్డులో పెట్టెలు పగలగొట్టిన దొంగ రైల్వే హద్దురాయి దాటి బజార్లో పడితే మన కాపలావాడు ఏం చేస్తాడని అడిగాడు. జిల్లా పోలీసులకి కాగితం రాస్తాడు, కాగితం చేరేసరికి దొంగ భోంచేసి నిద్రపోతాడు అన్నాడు. హాలు నవ్వింది. అతను నవ్వలేదు. అతని అక్క కొడుకు ఆ కొండల్లో జవాను. పక్కనున్న స్నేహితుణ్ణి పొద్దున చంపినవాళ్ళు సాయంత్రం సరిహద్దు అవతల వంట చేసుకుంటుంటే, ఆ పొగ తన గుడారంలోంచి కనిపించిందని జాబు రాశాడట. "ఆ పొగ చూస్తూ కూర్చోమని ఏ చట్టం చెబుతుంది" అని అడిగి గంట కొట్టకముందే కూర్చున్నాడు.

నేను లేచి తెలుగులో సారాంశం చదివాను. కళ్ళు కాగితం మీదనుంచి ఎత్తలేదు. మాట మాత్రం వచ్చింది. వెనకనుంచి ఎవరో, "గట్టిగా సెప్పమ్మా, మీ సిన్నాన్న దగ్గిర గొంతు అప్పడుగు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వినట్టున్నాను.

చిన్నాన్న లేచాడు. అతనికి గొంతే కాదు, బుర్ర కూడా ఉంది.

"గార్డుబాబూ, మిమ్మల్నే అడుగుతాను. ముందు టేసను వోడు లైన్ క్లియర్ ఇయ్యకుండా మీ బండి కదులుతాదా? కదల్దు. ఎనకాల ఎంత పెద్ద సాయెబు కూకున్నా కదల్దు. ఎందుకూ? ఆ లైను మీద ఎవులున్నారో మనకి తెల్దు గనక. పసిపిల్ల ఆడుకుంటన్నాదో, గేంగు మనిసి పని సేస్తన్నాడో. దేశాలకీ అంతే గదా. అడక్కుండా ఎల్లిపోతే దొంగ దొరుకుతాడో లేదో గాని, లైను మీదున్నోడు పోతాడు."

హాలు చప్పట్లతో ఊగిపోయింది. ఎంత బాగా చెప్పాడో అని నేను నా సారాంశం గబగబా రాసుకుంటున్నాను. అప్పుడు అతను ఫైల్లోంచి ఒక కాగితం తీసి, "లైను మీదున్నోడు ఎవులంటారా, ఇనండి. మన లైబ్రరీ అమ్మాయి రాసిచ్చినాది" అని చదవడం మొదలుపెట్టాడు.

"ఈ రోజు వానలో బొడోబాబు తన చెల్లెలి సంగతి చెప్పారు."

మొదటి వాక్యంతోనే నా కలం ఆగిపోయింది. జనపచేను, రాయి, గొడ్లపాక, అన్నీ నా వాక్యాలే. అంత పెద్ద గొంతులో అవి ఎంత చక్కగా ఉన్నాయో కూడా నాకు తెలుస్తూనే ఉంది, అది ఇంకా సిగ్గు. కార్డు దగ్గరికి వచ్చాడు. "తన కార్డు వల్లే ఆ మనిషి పోయాడని ఆయన నమ్ముతున్నారు. ఉత్తరం విప్పలేకపోతున్నారు" అని చదివి, తనకే ఏదో తట్టి ఆగాడు. తెలుగువాళ్ళందరూ గంట దగ్గరున్న మనిషి వైపు చూస్తున్నారు. బెంగాలీలు, వీళ్ళెందుకు అటు చూస్తున్నారా అని చూస్తున్నారు.

ఒక్క చేతి విదిలింపు చాలు, గంట కొట్టి ఆపవచ్చు. బొడోబాబు గడియారం చూసుకున్నారు. ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి. ఆయన కొట్టలేదు. చిన్నాన్న ఏదో గొణిగి కూర్చున్నాక కూడా ఆ రెండు నిమిషాలూ గడవనిచ్చి, పదో నిమిషానికి కొట్టారు.

ఇప్పుడు నేను లేవాలి. చిన్నాన్న చెప్పింది బెంగాలీలో చెప్పాలి. సగం హాలుకి ఆ కాగితంలో ఏముందో ఇంకా తెలియదు. ఆ సగమే బొడోబాబు సొంత మనుషులు.

రాసుకున్న కాగితం బల్ల మీద వదిలేసి లేచాను. బెంగాలీలో చెప్పాను. లైన్ క్లియర్ సంగతి చెప్పాను, ఓడల సంగతి చెప్పాను. తరవాత, "వక్త ఒక కాగితం కూడా చదివారు. అది నా డైరీలోది. తూకానికి తెల్ల కాగితాలు వేస్తూ పొరపాటున నేనే వేశాను. అది చెప్పడానికి నాకు అనుమతి లేదు. కనక చెప్పను. తప్పు వక్తది కాదు, నాది" అన్నాను. చీటీ లేకుండా నేను నలుగురిలో పలికిన మొదటి మాటలు అవే.

 జవాబు చెప్పడానికి గార్డుబాబుకి ఇంకో మూడు నిమిషాలు ఉన్నాయి. అతను లేచాడు. "ఆ కాగితంలో ఏముందో నాకు తెలియదు. చెప్పే హక్కు తనకి లేదని ఆ అమ్మాయి అంటోంది. నేను అడగను" అని కూర్చున్నాడు. సరిహద్దు దాటవచ్చని అంత బలంగా వాదించిన మనిషి ఆ గడప దగ్గర ఆగాడు. ఆ రోజు కప్పు అతనికే ఇచ్చారు. ఇవ్వాల్సిందే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బయటికి రాగానే చిన్నాన్న పట్టుకున్నాడు. "ఏటమ్మా, ఫైల్లో నువ్వే ఎట్టినావు, పొరపాటున ఏసినానని నువ్వే అన్నావు. నన్ను నలుగురిలో ఎర్రోణ్ణి సేసినావు."

"దాన్నెందుకు అంతావు" అంది అమ్మ. "సదివే ముందు బొడోబాబు పేరు కనబడలేదా నీకు? బాయిలర్లో ఎట్టినావా కళ్ళు?"

 అతను దారంతా మా వెనకే నడిచాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్లో అతని గొంతు వినపడని సాయంత్రం అదొక్కటే.

మర్నాడు రాజీనామా రాసుకుని, డైరీ కట్ట మొత్తం సంచిలో పెట్టుకుని వెళ్ళాను. రెండూ బొడోబాబు ముందు పెట్టాను. కట్టని ఆయన ముట్టుకోలేదు. రాజీనామా చదివి, లేచి, దాన్ని తక్కెడ పళ్ళెంలో వేశారు. రెండో పళ్ళెంలో అన్నిటికన్నా చిన్న ఇత్తడి బిళ్ళ పెట్టారు. రాజీనామా పైకి లేచిపోయింది.

"తూగలేదమ్మా" అన్నారు. "ఎనక తెల్లగా ఉన్నాది గదా. పుస్తకాలు తిరిగియ్యనోళ్ళ జాబితా రాయి దాని మీద."

నాకు ఏడుపు వచ్చింది.  ఆయన బెంగాలీలోకి మారారు, బాధ కలిగినప్పుడు ఆయన తన భాషలోకి వెళ్ళేవారు. "నువ్వు చేసింది తప్పే. చిన్న తప్పు కాదు. రాత్రంతా కోపంగానే ఉన్నాను. గంట కొట్టనిది ఎందుకో తెలుసా? ఇరవై ఏళ్ళుగా ఎవరికీ వేళకి ముందు కొట్టలేదు. నా కోసం కొడితే ఆ గంట ఇక ఎవరికీ పనికిరాదు." సిరాదిండు కింద నుంచి నీలం ఉత్తరం తీసి నా చేతిలో పెట్టారు. "ఊరంతా వినేసింది. ఇందులో ఇంతకన్నా పెద్ద మాట ఏముంటుంది. విప్పు."

అంచులు చింపి ఇచ్చాను. ఆయన పైకి చదివారు. ఎవరో కాలేజీ కుర్రాడి రాతలా ఉంది, చెల్లెలు చెబుతుంటే రాసినట్టు. భర్త సంగతి రెండు వాక్యాలు. ఊరివాళ్ళతో పాటు ఒక బడిలో ఉంటోందట. ఆవు బతికిందట. తరవాత ఇలా ఉంది: "దాదా, ఆషాఢంలో నీ కార్డు వచ్చింది. ఉత్తరాలు చదివి పెట్టే మాస్టారు అప్పటికే పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి వెళ్ళిపోయాడు. చదివేవాళ్ళు లేక తమలపాకుల డబ్బాలో దాచాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ అబ్బాయి చదువుతానన్నాడు గాని, నీ ఉత్తరం పరాయివాడి చేత ఎందుకని ఇవ్వలేదు. ఏం రాశావో నువ్వే వచ్చి చెప్పు."

ఆయన ఆ వాక్యాలన్నీ మళ్ళీ చదివారు. మూడోసారి కూడా. తరవాత కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవసాగారు. ఎంతసేపు తుడిచారో. నేను వెళ్ళి పుస్తకాల అరల మధ్య నిలబడ్డాను.

ఆ వారమే బయలుదేరారు. బళ్ళన్నీ జనంతో కిక్కిరిసి ఉన్నాయి, అరవై దగ్గరపడ్డ మనిషి ఒక్కడూ వెళ్ళడం కష్టం. చిన్నాన్న సెలవు పెట్టి లైబ్రరీకి వచ్చాడు. ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "బొడోబాబూ, నానొస్తాను. జనాల్ని తోసుకోడానికి గొంతున్నోడు ఒకడుండాల గదా" అన్నాడు. ఇద్దరూ వెళ్ళి ఆమెను తీసుకొచ్చారు. ఆ ఆవుని కూడా తేవాలని చిన్నాన్న గూడ్సు వాళ్ళతో మాట్లాడాడట గాని కుదరలేదు.

నా రిపోర్టు పూజలయ్యాక వెళ్ళింది. అలాంటివి మనకి చూపించరు. కొన్నాళ్ళకి ఆఫీసు గుమస్తా ఒకాయన పుస్తకం కోసం వచ్చి, "మీ గురించి బొడోబాబు వింతగా రాశారు" అని చెప్పాడు. నలుగురితో మెలగగలదా అన్న గడిలో ఇలా ఉందట: తప్పు చేస్తే లేచి నిలబడుతుంది. ఉద్యోగం నిలిచింది.

చలికాలంలో పెద్ద యుద్ధమే వచ్చింది, అయిపోయింది. మా డిబేటు తీర్పు కోసం ఎవరూ ఆగలేదు. దాటవచ్చునా అంటే ఇప్పటికీ నాకు ఒక్క ముక్కలో చెప్పడం రాదు. గార్డుబాబు చూపించిన పొగ కనిపిస్తుంది, వాకిట్లో నిలబడ్డ మనిషీ కనిపిస్తాడు. ఎవరైనా గట్టిగా దాటాల్సిందే అంటే, జనపచేను చివర ఎవరి ఇల్లుందో కనుక్కున్నారా అని మాత్రం అడుగుతాను. ఆ మాట అడగగలుగుతున్నాను, అదీ ఆ సాయంత్రం ఇచ్చిందే.

చెల్లెలు బొడోబాబు క్వార్టర్లోనే ఉండిపోయింది. డ్యూటీ అయ్యాక నేను వెళ్ళి ఆమెకి అక్షరాలు నేర్పేదాన్ని, తెలుగుపిల్ల బెంగాలీ నేర్పడం ఏమిటని ఇద్దరమూ నవ్వుకుంటూ. ఆ కార్డులో ఏముందో బొడోబాబు ఆమెకి చెప్పలేదు. చెప్పబోతే, "ఆగు, నేనే చదువుకుంటాను" అందట. ఏడాది పైన పట్టింది. ఒక ఆదివారం పొద్దున తమలపాకుల డబ్బా తెరిచి, మరకలు పడ్డ ఆ కార్డు తీసి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఎవరు వచ్చినా వెళ్ళగొట్టకు. మనమూ ఒకప్పుడు అలా వచ్చినవాళ్ళమే. ఆయన కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నారు.

ఆమె కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఇంకేమైనా ఉందేమోనని.

"ఇంతేనా?" అంది. "దీనికి కార్డు ఎందుకు దాదా? ఆకలితో వస్తే అన్నం పెట్టాలని నాకు తెలియదా?"